నూట ఇరవై నత్తలు

నత్తకి ఆ పేరు పెట్టింది వాళ్ళ వదిన. సారె ముందు కూర్చున్న మొదటి రోజున మట్టిముద్దని చక్రం మధ్యకి తేవడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తంటాలు పడింది. ముద్ద మధ్యకి రాలేదు సరికదా, తనే సగం ముద్దయి లేచింది. వదిన ఆ అవతారాన్ని ఎగాదిగా చూసి "నీకన్నా నత్త నయం" అంది. అంతే, కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరు కాగితాల్లోకి వెళ్ళి కూర్చుంది. ఇది జరిగి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఆమె చెయ్యి వేస్తే ఎంత మొండి మట్టయినా మూడు చుట్లు తిరిగేసరికి దారికొస్తుంది. పేరు మాత్రం వదల్లేదు. మట్టి బస్తాలు దింపే లారీవాడు కూడా "నత్తమ్మా, సంతకం" అంటాడు. ఆమె నవ్వుతూ చేస్తుంది.

వాళ్ళ స్టూడియో ఒకప్పుడు కార్లు బాగుచేసే షెడ్డు. నేల మీద నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు, వాళ్ళూ కడగడం మానేశారు. ముందు రెండు సారెలు, గోడ వెంట చెక్క అరలు, వెనక గదిలో కరెంటు బట్టీ. పక్కింట్లో అచ్చుయంత్రం ఆడినప్పుడల్లా అరల్లో కప్పులన్నీ కిలకిలమంటాయి. ఆ బట్టీకి వైద్యుడు అన్నయ్య. ఊరందరికీ కరెంటు పనులు చేసి, సాయంత్రం పూట ఇంటి బట్టీకి తీగలు మారుస్తాడు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు. వదినది దానికి పూర్తిగా ఎదురు. మాటల్లో పొదుపు, పొగడ్తల్లో పిసినారి. ఎంత గొప్ప పని చేసినా ఆవిడ నోటి నుంచి వచ్చేది ఒక్క "ఊఁ". ఆ "ఊఁ" కోసం నత్త నెలల తరబడి ఎదురుచూసేది, వచ్చిన రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అక్కడ తయారైన ప్రతి వస్తువుకీ అడుగున ఒక చిన్న ఆకు గుర్తు ఉంటుంది. అది వదిన ముద్ర. బొటనవేలంత మట్టి అచ్చు, ఆవిడ స్వయంగా చెక్కుకుని కాల్చుకున్నది. ముప్పై ఏళ్ళుగా ప్రతి గిన్నె కిందా, ప్రతి పళ్ళెం కిందా ఆ ఆకే. నత్త చేసినవాటి కింద కూడా ఆ ఆకే. తన చేతులతో లాగి, తన చేతులతో చెక్కి, తన కళ్ళతో కాపలా కాసిన గిన్నెని తిరగేస్తే వదిన కనిపించేది. నత్తకి దాని మీద కోపం లేదు. కానీ ఒక్కసారి, ఒక్క గిన్నె మీదైనా తన గుర్తు ఉండాలని ఆమెకి ఎంతగా అనిపించేదంటే, ఏడాది క్రితమే ఒక అచ్చు చెక్కుకుని, కాల్చి, గుడ్డముక్కలో చుట్టి ఏప్రన్ జేబులో దాచుకుంది. దాని మీద ఒక నత్త. గుండ్రటి చిప్ప, రెండు కొమ్ములు, కొంచెం పొగరుగా ఎత్తిన మెడ.

వదినకి మణికట్లు వాచి, డాక్టరు ఆరు వారాలు సారె ముట్టుకోవద్దన్న వారంలోనే గడియారం వచ్చాడు.

గడియారం అంటే కేటరింగ్ కంపెనీ యజమాని. ఆ పేరు అన్నయ్య పెట్టాడు, ఊరికే పెట్టలేదు. ఆయన పళ్ళేన్ని పళ్ళెంలా చూడడు. అన్నం ఆరు గంటల దగ్గర, కూర పది దగ్గర, సలాడ్ రెండు దగ్గర, తీపి సరిగ్గా పన్నెండింటికి. వడ్డించేవాళ్ళలో ఎవరైనా కూరని తొమ్మిదింటికి జరిపితే ఆయనకి ఆ పూట తిండి సయించదు. మనిషి భారీగా ఉంటాడు, గొంతు మాత్రం గుసగుస.

"చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల సభ అండీ. నూట ఇరవై మంది" అన్నాడు. "హాల్లో అన్నీ నున్నటి రాతిబల్లలు. గుడ్డ పరిచేది లేదు. చేత్తో చేసిన పళ్ళెం, కింద నల్లరాయి. అదీ నా ఊహ. ఈ భోజనం సాఫీగా జరిగిపోతే ఇక నా పళ్ళేలన్నీ మీ దగ్గరే."

వదిన తన కట్టు కట్టిన మణికట్లని చూసుకుంది. తర్వాత నత్తని చూసింది.

"చేస్తుంది" అంది.

ఆయన వెళ్ళాక వదిన చెయ్యి చాచింది. "జేబులో దాచావుగా, తియ్యి."

నత్త జేబు తడుముకుంది. ఏడాదిగా దాచుకున్నది ఆవిడకెలా తెలుసు? గుడ్డముక్క విప్పి ఇచ్చింది. వదిన ఆ అచ్చుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఊఁ అనలేదు. ఊహూఁ అని కూడా అనలేదు.

"వీటి మీద నీ ముద్రే వెయ్యి. నేను ఈ గది గడప తొక్కను. తొక్కితే నా చెయ్యి ఊరుకోదు. కానీ ఆ రోజు భోజనానికి వెళ్ళి కూర్చుంటాను. పళ్ళేల గురించి ఏ ఒక్కరి నోటి నుంచీ వంక రాకపోతే, ఇకపై ఇక్కడ అన్నిటి మీదా నీ నత్తే. వచ్చిందా, మళ్ళీ నా ఆకే. తర్వాత ఏడవకూడదు."

"ఏడవను వదినా" అంటూనే నత్త ఏడ్చేసింది. సంతోషం పట్టలేక.

ఇక చూడాలి ఆమె హడావిడి. పొద్దున్నే షట్టరు ఎత్తేది, సారె ముందు కూర్చుని తనలో తనే పాడుకునేది. పాటకి మాటలుండవు, రాగం కూడా అనుమానమే. రోజుకి పన్నెండు పళ్ళేలు. ఒకటి పూర్తికాగానే లేచి దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసేది. పళ్ళేనికి అడుగున నిలబడే చుట్టు ఉంటుంది, దాన్ని వాళ్ళు కాలు అంటారు. ఒక్కో కాలునీ గోటితో మీటి చూసుకుంటూ చెక్కింది. వదిన మాట మీద నిలబడింది. రోజూ గడప బయట కుర్చీ వేసుకుని వీధివైపు తిరిగి కూర్చునేది. లోపల ఏమవుతోందో వినడానికి మెడ మాత్రం వెనక్కి వాలి ఉండేది.

మొదటి పన్నెండూ ముద్రకి సిద్ధమైన రోజున నత్తకి ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది.

అడుగున వేస్తే ఎవరు చూస్తారు? అన్నం తింటున్న పళ్ళేన్ని తిరగేసి చూసే పిచ్చివాళ్ళెవరుంటారు? అదే పైన, సరిగ్గా నడిమధ్యన వేస్తే? తింటూ తింటూ ఉండగా, ఆఖరి ముద్ద ఎత్తేసరికి కింద నుంచి ఒక నత్త మెడ ఎత్తి పలకరిస్తుంది! ఈ ఊహకి ఆమె ఎగిరి గంతేసింది. వేసి, ఆ ఊపులోనే వెళ్ళి నొక్కింది. పళ్ళేలు సగం ఆరి, తోలులా మెత్తగా ఉన్నాయి. ఆరబెట్టే చెక్కలకి నడుమ రెండు వేళ్ళ సందు ఉంటుంది, అడుగుకి గాలి తగలడానికి. ఆ చెక్కల మీద ఉన్నవాటిని ఉన్నట్టే, రెండు బొటనవేళ్ళ బలమంతా, పదకొండేళ్ళ ఆశంతా పెట్టి నొక్కింది. నత్త అందంగా దిగింది. దాంతోపాటు పళ్ళెం నడుమ కూడా కాస్త కిందికి, చెక్కల సందులోకి దిగింది. కాలుని దాటి గోరు మందం ఉంటుందేమో. అది పైకి కనిపించదు. ఆమె చూడలేదు. నూట ఇరవై ఒకటీ అలాగే నొక్కింది, ఒకటి విరిగితే ఉంటుందని.

బట్టీ తెరిచిన రోజు నత్త, అన్నయ్య ఇద్దరూ చిన్నపిల్లలైపోయారు. గాజుపూత లేత ఆకుపచ్చగా పారి, ముద్ర గీతల్లో నిండి, ప్రతి నత్తా తడిసి మెరుస్తున్నట్టుంది. సందున్న చెక్కల మీదే పేర్చి చూసుకున్నారు. అన్నీ కదలక మెదలక బుద్ధిగా నిలబడ్డాయి.

"ఒసేయ్ నత్తా, వీటిలో గడ్డి పెట్టినా తినేస్తారే!" అన్నాడు అన్నయ్య.

సభ ముందురోజు సాయంత్రం నూట ఇరవై పళ్ళేలూ గడ్డి పరిచిన పెట్టెల్లో హాలుకి చేరిపోయాయి. మర్నాడు పదకొండింటికి గడియారం కారు పంపించాడు. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని, నత్త వంక ఒక్క చూపు చూసి ఎక్కింది. కారు మలుపు తిరిగేదాకా నత్త గుమ్మంలోనే నిలబడింది. కాలు నిలవడం లేదు. ఏదో ఒకటి చెయ్యాలని వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన ఆ నూట ఇరవై ఒకటో పళ్ళెం తీసి, అందులో రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు పెట్టి, అన్నయ్య ముందు గట్టు మీద ఉంచింది. వంటగట్టు నున్నటి రాయి.

అన్నయ్య గుడ్డు కోసం చెయ్యి చాచాడు. వేలు అంచుకి తగిలింది. పళ్ళెం మెల్లగా తిరిగింది. గుడ్డు అన్నయ్యని దాటుకుని, గోడని పలకరించి, నత్త ముందుకి వచ్చి ఆగింది.

"ఇది నాకు పెట్టావా, నువ్వు పెట్టుకున్నావా?" అన్నాడు అన్నయ్య.

అని, మళ్ళీ తిప్పాడు. ఈసారి కాస్త గట్టిగా. పళ్ళెం నాలుగు చుట్లు చుట్టింది. "అబ్బో! దీనికి బేరింగులు కూడా వేశావా?"

నత్త రొట్టెలు గట్టు మీద పారబోసి, పళ్ళెం తిరగేసి, కాలు మీద అడ్డంగా కూరల చాకు ఆనించింది. చాకు కాలుని తాకలేదు. నడుమ పొంగి వచ్చిన కడుపుని తాకి, దాని మీద ఊగింది. నూట ఇరవై పళ్ళేలూ కాళ్ళ మీద నిలబడటం లేదు. కడుపు మీద నిలబడుతున్నాయి. నల్లరాతి మీద, నున్నటి రాతి మీద, వదిన కళ్ళముందు.

"అన్నయ్యా, వ్యాను!"

పచ్చిమట్టి ముద్ద ఒకటి తడిగుడ్డలో చుట్టుకుని ఎక్కింది. దారిలో లెక్క వేసుకుంది. ఒక్కో పళ్ళెం కాలు కింద మూడు మట్టిచుక్కలు అంటిస్తే చాలు, కడుపు పైకి లేస్తుంది, తిరగడం ఆగుతుంది. మూడొందల అరవై చుక్కలు. వ్యాను హారను పని చెయ్యదు, అందుకని అన్నయ్యే కిటికీలోంచి తల బయటపెట్టి "తప్పుకోండి, తప్పుకోండి, పళ్ళేలు తిరుగుతున్నాయి!" అని అరుస్తూ నడిపాడు. జనం తప్పుకున్నారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

హాలు గుమ్మానికి పెద్ద బ్యానరు కట్టి ఉంది. నత్త పరిగెత్తుతూనే చదివింది. అందులో రాసి ఉంది: "తలతిరుగుడు: కారణాలు, నిర్ధారణ, చికిత్స. నిపుణుల సదస్సు."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేస్తూ వంటశాలలోకి దూరింది.

అక్కడ పళ్ళేలన్నీ తడిగుడ్డలు పరిచిన బల్లల మీద వరసగా ఉన్నాయి. గుడ్డ మీద కనుక బుద్ధిగానే ఉన్నాయి. అన్నం ఆరు దగ్గర, కూర పది దగ్గర, సలాడ్ రెండు దగ్గర. గడియారం ఒక్కో పళ్ళెం మీదా వంగి, చిన్న చెంచాతో పన్నెండింటికి తీపి పెడుతూ వస్తున్నాడు. నత్త అటు చివర మొదలుపెట్టింది. పళ్ళెం ఎత్తడం, మూడు చుక్కలు అంటించడం, దించడం. ఏడు అయ్యాయి. ఎనిమిదో దాని మీద చెయ్యి వేసేసరికి ఆయన చూశాడు.

"మట్టా? వడ్డించిన పళ్ళెం కింద మట్టా?" గుసగుస కాస్తా కీచుమంది.

"ఇవి తిరుగుతాయండీ."

"ఎక్కడికి తిరుగుతాయి?"

"ఎటు పడితే అటు అండీ."

ఆయనకి ఆ మాట తలకెక్కేలోపే గంట మోగింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. తెల్లచొక్కాల వాళ్ళు చేతికి రెండేసి పళ్ళేలతో కవాతులా సాగిపోయారు. నత్త చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. వంటశాల తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. దానికి ముక్కు ఆనించి నిలబడింది. ఆమె భుజం మీద నుంచి అన్నయ్య, అన్నయ్య భుజం మీద నుంచి గడియారం తొంగిచూశారు.

మొదట ఏమీ కాలేదు. డాక్టర్లు కుర్చీలు జరుపుకున్నారు, చెంచాలు అందుకున్నారు. మొదటి చెంచా తగలగానే మొదటి పళ్ళెం కదిలింది. మెల్లగా, మర్యాదగా. అన్నం ఎడమకి వెళ్ళింది, కూర ముందుకి వచ్చింది. ఆ డాక్టరు చెంచా దించి, కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచాడు. పక్కాయన బల్ల అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎదుటావిడ తన నాడి తనే పట్టి చూసుకుంటోంది. ఇంకొకాయన తలని నెమ్మదిగా కుడికీ ఎడమకీ తిప్పుకుంటున్నాడు, ముప్పై ఏళ్ళుగా రోగులచేత చేయించినట్టే. ఒక మూల ఇద్దరు స్నేహితులు కబుర్లాడుతున్నట్టు నటిస్తూ ఒకరి కళ్ళలోకి ఒకరు తీక్షణంగా చూసుకుంటున్నారు, తలతిరుగుడు ఉంటే కనుగుడ్లు అదురుతాయి కదా అని.

ఎవరూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు? జన్మంతా వైద్యం చేసిన జబ్బు తనకే పట్టుకుందని, అదీ ఆ జబ్బు మీద పెట్టిన సభలో, ఎవరు ఒప్పుకుంటారు? హాలంతా చెంచాల చప్పుడు కూడా లేకుండా చెమటలు పట్టి కూర్చుంది.

వదిన నాలుగో బల్ల దగ్గర, రాని డాక్టరు ఒకాయన కుర్చీలో ఉంది. ఆవిడ పళ్ళెం కూడా తిరిగింది. ఆవిడకి మాత్రం ఏ అనుమానమూ రాలేదు. మునివేలితో అంచు కాస్త ఎత్తి, కింద చూసి, దించి, మీద అరచెయ్యి వేసి ఆపింది. తర్వాత నెమ్మదిగా తలెత్తి, గుండ్రటి అద్దం వైపు చూసింది. నత్త ఆ చూపు తప్పించుకోలేదు. అయిపోయింది అనుకుంది.

అప్పుడు లేచింది పెద్ద డాక్టరమ్మ. ఆ సభకి అధ్యక్షురాలు, తల ముగ్గుబుట్ట, చేతికర్ర. హాల్లో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే.

"అబ్బాయిలూ, అమ్మాయిలూ" అంది కర్ర నేలకి కొట్టి. "అబద్ధం ఆడకుండా చెప్పండి. ఎవరెవరికి పళ్ళెం తిరుగుతోంది?"

వెనక బల్లలో ఒక చెయ్యి భయం భయంగా లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత చూస్తుండగా హాలంతా చేతులే. డాక్టరమ్మ తన చెయ్యి కూడా ఎత్తింది. ఒక మూల ఏడుగురు మాత్రం చేతులెత్తలేదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన లేచి, గొంతు సవరించుకుని అడిగాడు:

"మేడమ్, మరి మాకెందుకు తిరగడం లేదు?"

అంతే. డాక్టరమ్మ మొదలుపెట్టింది నవ్వడం. కర్ర జారి కింద పడింది. అక్కడి నుంచి ఆ నవ్వు బల్లబల్లకీ పాకింది. పొట్టలు పట్టుకునేవాళ్ళు, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాళ్ళు, పక్కవాళ్ళ మీద వాలిపోయేవాళ్ళు. ఎవరో తన పళ్ళేన్ని వేలితో గిర్రున తిప్పారు. ఇక ఆగుతుందా? అంతా తిప్పడమే. పందేలు మొదలయ్యాయి, ఎవరిది ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్ళకి ఎదుటివాళ్ళ తీపి. కూర రెండింటికి వెళ్ళింది, సలాడ్ పదింటికి వచ్చింది, అన్నం పొద్దంతా ప్రయాణంలోనే ఉంది. గడియారం బోర్లించిన పెట్టె మీద కూలబడి "పన్నెండెక్కడ? ఇందులో పన్నెండెక్కడుంది?" అని గోడని అడుగుతున్నాడు. అన్నయ్య ఆయనకి మంచినీళ్ళు తాగించాడు.

తినడం మాత్రం ఎవరూ మానలేదు. పైగా పోటీ పడి తిన్నారు, పళ్ళెం ఖాళీ అయితే ఇంకా జోరుగా తిరుగుతుంది కదా. ఖాళీ కాగానే నడిమధ్య నుంచి మెడ ఎత్తి చూసింది నత్త.

"ఇదేమిటి, నత్తా?"

"నా దాంట్లోనూ ఉంది!"

"నత్త ఇంత జోరుగా తిరగడమేమిటండీ!"

"ఎవరు చేశారివి?" అని అడిగింది డాక్టరమ్మ, ఆయాసపడుతూ.

అన్నయ్య ఒక్క తోపు తోశాడు. నత్త తలుపుతో సహా హాల్లోకి వచ్చిపడింది. జుట్టు రేగి ఉంది, చేతినిండా మట్టి, మొహం కందగడ్డ. గడియారం కూడా వెనకే వచ్చాడు.

"ఈ పళ్ళేలు నిలవడం లేదు. ఇది నా ఫిర్యాదు" అన్నాడు గుసగుసగా. ఆ గుసగుస హాలంతా వినబడింది.

వంక వచ్చేసింది. ఒక్క నోటి నుంచే వచ్చింది, కానీ వచ్చింది.

నత్త తల వంచుకోలేదు. "నిజమేనండీ. తప్పు నాదే" అంది. "ముద్ర అందరికీ కనబడాలని మధ్యలో వేశాను. సంతోషం ఎక్కువై గట్టిగా నొక్కాను. మట్టిదేమీ తప్పు లేదు, మా వదినది అసలే లేదు."

చెప్పి, నాలుగో బల్ల దగ్గరికి నడిచి, ఏప్రన్ జేబులోంచి గుడ్డముక్క తీసి, వదిన ముందు పెట్టింది. వదిన ఆ ముద్ర తీసుకుంది. చేతిసంచిలో వేసుకుంది. సంచి టక్కున మూసింది.

వ్యానులో ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని ఇంటికి వచ్చారు. జీవితంలో మొదటిసారి అన్నయ్య నోరు తెరవలేదు.

మర్నాడు పొద్దున నత్త స్టూడియో షట్టరు ఎత్తబోతే అది అప్పటికే ఎత్తి ఉంది. ఆరు వారాలూ గడప తొక్కనన్న మనిషి లోపల స్టూలు వేసుకుని కూర్చుంది. మణికట్లకి కట్లు అలాగే ఉన్నాయి. ముందు బల్ల మీద ఒక పళ్ళెం. సగం ఆరినది, నత్త పోయిన వారం మిగిలిన మట్టితో చేసి గుడ్డ కప్పి వదిలేసినది.

"పొద్దున్నే గడియారం వచ్చాడు" అంది వదిన. "నూట ఇరవై కావాలట. తిరగనివి. ఆయన వెళ్ళాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆవిడకీ నూట ఇరవై కావాలట. తిరిగేవి. ఆసుపత్రికొచ్చే రోగులకి చూపించి నవ్విస్తుందట. నిన్నటివి ఇమ్మంటే డాక్టర్లెవరూ ఇవ్వలేదట, సంచుల్లో పెట్టుకుని పోయారట."

నత్త ఆవిడ చేతిసంచి వంక చూసింది. వీటి మీద ఏ ముద్రో అనుకుంది.

వదిన చేతిసంచి తెరిచి గుడ్డముక్క తీసింది. దాని పక్కనే తన ఆకు ముద్ర కూడా పెట్టింది. ముప్పై ఏళ్ళు నొక్కి నొక్కి దాని పిడి అరిగి నున్నగా అయిపోయింది.

"ఒక్క వంక వచ్చినా నా ఆకే అన్నాను" అంది. "వచ్చింది. అన్నమాట మీద ఉండాలి కదా."

"ఊఁ" అంది నత్త. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిన్న హాల్లో అందరూ పళ్ళేలు నాకినట్టు ఖాళీ చేసి నీ నత్తని చూశారు. చూసి, ఎవరు చేశారని అడిగారు. ముప్పై ఏళ్ళలో నా పళ్ళేన్ని తిరగేసి ఆకుని చూసినవాళ్ళు లేరే. నేనే అడుగున పెట్టి, నేనే చూసుకున్నాను." వదిన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం నత్త ఎప్పుడూ వినలేదు. "ఇలా రా. ఆ పళ్ళెం ఎత్తి పట్టుకో."

నత్త ఎత్తింది. వదిన తన కట్టు కట్టిన చేతిని చాచి, అరచేతిలో ఆకు ముద్రని పైకి పెట్టుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, పళ్ళెం అడుగున సరిగ్గా నడుమకి ఆనించింది.

"నీ నత్తతో పైనుంచి నొక్కు. కింద ఆకు ఉంది, కడుపు జారదు."

"నీ చెయ్యి నొప్పి పుడుతుంది వదినా."

"నొప్పి పుడితే నే చెప్తాగా. నొక్కు."

నత్త నొక్కింది. రెండు బొటనవేళ్ళ కింద మట్టి మెత్తగా లొంగింది, ఆ మట్టి అవతల నుంచి వదిన చెయ్యి గట్టిగా తగిలింది. పైన నత్త పడింది, కింద ఆకు పడింది, ఒకదాని వెనక ఒకటి. వదిన పళ్ళెం తీసుకుని బల్ల మీద పెట్టి, వేలితో ఒక్క తోపు తోసింది. అది కదల్లేదు.

"ఊఁ" అంది వదిన.

నత్త మట్టి చేతులతోనే వదినని కావలించుకుంది. చీర నిండా పది వేళ్ళు పడ్డాయి. పక్కింట్లో అచ్చుయంత్రం మొదలైంది, అరల్లో కప్పులన్నీ కిలకిలమన్నాయి.

"వదులు, వదులు. పనుంది" అంది వదిన, తను మాత్రం వదలకుండా. "గడియారానివి ఇద్దరం చేద్దాం. డాక్టరమ్మవి మాత్రం నువ్వొక్కదానివే నొక్కుకో. వాటికి నేను చెయ్యి అడ్డం పెట్టను."